రెండు నలుపులు: ప్లాస్టిక్‌ను వెలుగుతో అతకడం

సింగపూరు మెట్రోలో ఆకుపచ్చ మార్గం 1989 డిసెంబరు నుంచి తూర్పున పాసిర్ రిస్ దగ్గర ముగుస్తోంది. మలయ్ భాషలో పాసిర్ అంటే ఇసుక. సముద్రపు ఒడ్డున ఉన్న ఊరికి ఆ పేరు సహజమే గానీ, ఇప్పుడక్కడ జరుగుతున్న పనికి కూడా అది అతికినట్టు సరిపోతుంది. ఇసుకలో ఆక్సిజన్‌ను అంటిపెట్టుకుని ఉండే సిలికానే అక్కడి పరిశ్రమకు ముడిసరుకు. సింగపూరు ప్రభుత్వం చిప్‌ల తయారీకి ప్రత్యేకంగా కేటాయించిన వేఫర్ ఫ్యాబ్ పార్కులలో ఒకటి పాసిర్ రిస్‌లో ఉంది. ఫిలిప్స్, తైవాన్‌కు చెందిన టీఎస్‌ఎమ్‌సీ, సింగపూరు ఆర్థికాభివృద్ధి మండలి కలిసి 1998లో స్థాపించిన ఎస్ఎస్ఎమ్‌సీ కర్మాగారం అక్కడిదే. ఫిలిప్స్ వాటా తరవాత ఎన్‌ఎక్స్‌పీకి వచ్చింది. తైవాన్‌కే చెందిన యూఎమ్‌సీ వారి ఫ్యాబ్ 12ఐ కూడా అక్కడే ఉంది. దాని విస్తరణకు 500 కోట్ల డాలర్లు వెచ్చిస్తామని ఆ సంస్థ 2022 ఫిబ్రవరిలో ప్రకటించి, 2025 ఏప్రిల్‌లో కొత్త భాగాన్ని ప్రారంభించింది.

ఇలాంటి చోట్ల శుభ్రత అన్న మాటకు లెక్క ఉంటుంది. ఐఎస్ఓ ప్రమాణాల ప్రకారం 5వ తరగతి శుభ్ర గదిలో ఒక ఘనపు మీటరు గాలిలో అర మైక్రాను, అంతకు మించిన పరిమాణమున్న రేణువులు 3,520కి మించకూడదు. 9వ తరగతిలో, అంటే మామూలు గదికి దగ్గరగా ఉండే గాలిలో, ఆ పరిమితి 3 కోట్ల 52 లక్షలు. అంత శుభ్రమైన గదిలో కూడా 300 మిల్లీమీటర్ల వేఫర్లను బయట తిప్పరు. పాతికేసి వేఫర్లు పట్టే మూత ఉన్న ప్లాస్టిక్ పెట్టెల్లో పెట్టి, పైకప్పుకు వేలాడే పట్టాల మీద ఒక యంత్రం నుంచి మరొక యంత్రానికి పంపుతారు. పెట్టె లోపలి గాలి గదిలోని గాలికన్నా శుభ్రంగా ఉంటుంది. ప్లాస్టిక్ అనగానే చవక, నాసిరకం అని పెదవి విరిచేవారు ఈ సంగతి ఒకసారి తలచుకోవాలి.

అంత భద్రంగా పుట్టిన చిప్, కర్మాగారం గడప దాటాక ఎక్కడికి పోతుంది? కారు ఇంజను పక్కకు, వర్షంలో తడిసే మీటరు పెట్టెలోకి, చెమట పట్టిన మణికట్టు మీదికి, చెవి వెనకకు. పాసిర్ రిస్ గాలినే తీసుకుంటే, సింగపూరులో సగటు సాపేక్ష ఆర్ద్రత 80 శాతానికి పైమాటే. సముద్రపు ఉప్పు దానికి తోడు. చిప్‌కూ ఈ ప్రపంచానికీ మధ్య ఉండేది తరచుగా మిల్లీమీటరున్నర మందం ఉన్న ఒక ప్లాస్టిక్ డబ్బా మాత్రమే. డబ్బా గోడలోంచి నీరు కారదు. కారితే, డబ్బాకూ దాని మూతకూ మధ్య ఉన్న గీత దగ్గరే కారుతుంది. ఆ గీతను ఎలా మూయాలన్నది చూడడానికి చిన్న ప్రశ్న. పరికరం ఆయుస్సు చాలాసార్లు దాని మీదే ఆధారపడుతుంది.

పాత పద్ధతులు మిగిల్చే మురికి

మూత బిగించడానికి మార్గాలు చాలానే ఉన్నాయి. మరలు బిగించి మధ్యలో రబ్బరు వలయం పెట్టవచ్చు. మర ఉన్నచోట ఒత్తిడి ఎక్కువ, రెండు మరల నడుమ తక్కువ. రబ్బరు ఏళ్ళ తరబడి నొక్కుడు పడి గట్టిపడుతుంది. జిగురు వాడవచ్చు. జిగురు ఆరడానికి సమయం కావాలి. ఆరేటప్పుడు, ఆరిన తరవాత కూడా, దాని నుంచి ఆవిర్లు వెలువడి లోపలి కటకాల మీద పొరలా పేరుకునే ప్రమాదం ఉంది. నొక్కితే పట్టుకునే కొక్కేలు చవకే గానీ వాటికి నీరు ఆగదు.

పరిశ్రమలో ఎక్కువగా కనిపించేది అల్ట్రాసోనిక్ వెల్డింగ్. మూత మీద ఒక లోహపు కొమ్మును ఆనించి సెకనుకు 20 వేల నుంచి 40 వేల సార్లు అదిలిస్తారు. రెండు ముక్కలు కలిసేచోట రాపిడికి వేడి పుట్టి, ప్లాస్టిక్ కరిగి, అర సెకనులో అతుక్కుంటుంది. యంత్రం చవక, వేగం అమోఘం. బొమ్మలకు, ఛార్జర్లకు దీన్ని మించిన పద్ధతి లేదు. అయితే దీనికి రెండు దోషాలున్నాయి. మొదటిది పొడి: రాపిడిలో రాలిన సన్నని నూగు, అంచు నుంచి పొంగిన ప్లాస్టిక్ తునకలు లోపలే ఉండిపోతాయి. పీడనాన్ని కొలిచే సెన్సారులోకో, మైక్రోఫోను రంధ్రంలోకో ఒక్క రేణువు చేరితే చాలు. రెండవది అదురు. దాదాపు ప్రతి గడియారంలోనూ, వేళను లెక్కపెట్టే ప్రతి పరికరంలోనూ క్వార్ట్జ్‌తో చేసిన ఒక చిన్న శ్రుతిదండం ఉంటుంది. అది సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. 2ను పదిహేనుసార్లు హెచ్చవేస్తే వచ్చే సంఖ్య అది. పదిహేనుసార్లు సగం చేస్తే సరిగ్గా సెకను వస్తుందని ఎంచుకున్నారు. ఆ సంఖ్య అల్ట్రాసోనిక్ వెల్డింగ్ పౌనఃపున్యాల మధ్యనే పడింది. వెల్డింగ్ కొమ్ము అదురుకు శ్రుతి కలిసిందంటే ఆ సన్నని దండం విరిగిపోవచ్చు. క్వార్ట్జ్ స్ఫటికాలు అమ్మేవారు తమ పత్రాలలో ఈ హెచ్చరిక ప్రత్యేకంగా రాస్తారు.

పొడి రాలకుండా, అదురు లేకుండా, ఆవిరి రాకుండా, రెండు ముక్కలు కలిసే ఆ గీత దగ్గర మాత్రమే వేడి పుట్టించగలిగితే బాగుండును. లేజర్ చేసే పని అదే.

కిటికీ అద్దం, నల్లని గచ్చు

మిట్టమధ్యాహ్నం కిటికీ అద్దం గుండా ఎండ పడుతున్న గదిలో నల్లరాతి గచ్చు కాలుతుంటుంది. అద్దాన్ని తాకితే అంత వేడి ఉండదు. వెలుగు అద్దాన్ని దాటి వచ్చి, తనను మింగే వస్తువు ఎదురైనప్పుడే వేడిగా మారింది. లేజర్ పారగమన వెల్డింగ్ సూత్రమంతా ఇంతే. మూతను వెలుగు దాటనిచ్చే ప్లాస్టిక్‌తోనూ, డబ్బాను వెలుగును మింగే ప్లాస్టిక్‌తోనూ చేస్తారు. రెండింటినీ గట్టిగా అదిమి పట్టి, మూత మీంచి లేజర్ కిరణాన్ని అంచు వెంట నడిపిస్తారు. కిరణం మూతను దాటి డబ్బా అంచు మీద పడుతుంది. ఆ అంచు పైపొర కరుగుతుంది. ఆ వేడి తనను ఆనుకుని ఉన్న మూత అడుగును కూడా కరిగిస్తుంది. కరిగిన రెండు పొరల అణుశృంఖలాలు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుని, చల్లారాక ఒకటే ముక్క అవుతాయి. పైనుంచి చూస్తే ఏమీ జరిగినట్టుండదు.

ఈ ఆలోచనకు తొలి రూపాలలో ఒకటి జపానులోని టొయోటా సంస్థకు 1987లో అమెరికా పేటెంటుగా దక్కింది. వస్తువుల తయారీలోకి అది 1990లలో వచ్చింది. జర్మనీ కార్లకు ఎలక్ట్రానిక్ తాళం చెవులు వచ్చిన కాలమది. చెవి లోపల చిప్, బ్యాటరీ ఉంటాయి. అది జేబులో చెమటకు తడుస్తుంది, చేతిలోంచి జారి నేల మీద పడుతుంది, అయినా చూడడానికి ఖరీదైన కారుకు తగినట్టుండాలి. అతుకు కనపడకుండా మూతపడే తాళం చెవి కోసం ఈ ఖరీదైన పద్ధతిని భరించడానికి కార్ల కంపెనీలు సిద్ధపడ్డాయి. మిగిలిన వస్తువులు ఆ దారినే వచ్చాయి.

ఖర్చయ్యే వేడి ఎంతో ఒకసారి లెక్క వేసి చూడవచ్చు. పాలీకార్బొనేట్ ఘనపు మిల్లీమీటరును గది ఉష్ణోగ్రత నుంచి 250 డిగ్రీలకు తీసుకుపోవడానికి సుమారు 0.4 జౌళ్ళు చాలు. 20 వాట్ల లేజర్‌ను సెకనుకు 50 మిల్లీమీటర్ల వేగంతో నడిపితే అతుకులో ప్రతి మిల్లీమీటరు పొడవుకూ అందే శక్తి కూడా సరిగ్గా అంతే. చుట్టుకొలత 200 మిల్లీమీటర్లున్న డబ్బా మొత్తానికి 80 జౌళ్ళు. అదే శక్తితో గ్లాసుడు నీళ్ళను వేడిచేయబోతే అవి డిగ్రీలో పదోవంతు మాత్రమే వెచ్చబడతాయి. అంత కొంచెం వేడి, కావలసిన గీత మీదే పడడం వల్ల, నాలుగు మిల్లీమీటర్ల దూరంలో ఉన్న సర్క్యూటు బోర్డుకు ఆ సంగతి తెలియను కూడా తెలియదు.

కాటుక నలుపు, రిమోటు నలుపు

ఇక్కడ కొనేవారి అభిరుచి అడ్డొస్తుంది. మూత పారదర్శకంగా, డబ్బా నల్లగా ఉంటే భౌతికశాస్త్రానికి హాయి. కానీ కారు సెన్సారు గానీ ఫోను ఛార్జరు గానీ అలా రెండు రంగుల్లో ఉంటే ఎవరికీ నచ్చదు. రెండూ నల్లగానే ఉండాలి. మూత కూడా నల్లగా ఉంటే వెలుగు దాన్ని ఎలా దాటుతుంది?

నలుపులు రెండు రకాలు కాబట్టి దాటుతుంది. ఒకటి కాటుక నలుపు. ఆముదపు దీపం మీద రాగి పళ్ళెం బోర్లించి అమ్మమ్మలు పట్టిన మసికీ, పరిశ్రమ కార్బన్ బ్లాక్ అని పిలిచే పొడికీ కుటుంబం ఒకటే. అది కంటికి కనిపించే వెలుగును మింగుతుంది. కనిపించని పరారుణాన్నీ మింగుతుంది. రెండవది కొన్ని సేంద్రియ రంగుల మిశ్రమం. ఒక రంగు ఎరుపును, ఒకటి పచ్చను, ఒకటి నీలాన్ని మింగడంతో కంటికి ఏమీ మిగలక నల్లగా కనిపిస్తుంది. 800 నానోమీటర్లు దాటిన పరారుణాన్ని మాత్రం ఆ రంగులేవీ ముట్టుకోవు. వెల్డింగుకు వాడే డయోడ్ లేజర్లు 808 నుంచి 980 నానోమీటర్ల మధ్యనా, ఫైబర్ లేజర్లు 1064 దగ్గరా వెలుగునిస్తాయి. ఆ కిరణానికి ఈ రెండో రకం నల్లని మూత కిటికీ అద్దమే.

ఈ రెండో నలుపు ప్రతి ఇంట్లోనూ ఉంది. టీవీ ముందు భాగంలో రిమోటు సంకేతాన్ని అందుకునే చోట ముదురు రంగు ప్లాస్టిక్ ముక్క ఒకటి ఉంటుంది. రిమోటు పంపేది 940 నానోమీటర్ల పరారుణం. కంటికి నల్లని గోడలా ఉన్న ఆ ముక్క దానికి తెరిచిన తలుపు. అలాంటి ముక్క మీద పడి దాటిపోయే వెలుగును చాలా ఫోన్ల ముందు కెమెరాతో చూడవచ్చు.

కాబట్టి శుభ్రమైన అతుకు అన్నది లేజర్ యంత్రం దగ్గర కాక, ప్లాస్టిక్ గింజలు కొనే వేళ మొదలవుతుంది. డబ్బాలో కార్బన్ బ్లాక్ సాధారణంగా బరువులో 0.2 నుంచి 0.5 శాతం. అప్పుడు వెలుగు కొద్దిపాటి లోతుకు దిగి ఆగుతుంది, పొర మొత్తం సమంగా కరుగుతుంది. నలుపు బాగుండాలని 2 శాతం వేస్తే వెలుగంతా పైన్నే ఆగిపోయి, పైపొర మాడి, అడుగు కరగకుండా మిగులుతుంది. కాటుక సరిగా కలవక గీతలు గీతలుగా ఉంటే అతుకు కూడా గీతలు గీతలుగానే వస్తుంది. మూత ప్లాస్టిక్‌లో పొరపాటున ఒక చిటికెడు కాటుక కలిస్తే ఇక చెప్పనక్కరలేదు. నిన్నటి దాకా అదే మోల్డింగ్ యంత్రంలో మామూలు నల్ల ప్లాస్టిక్ నడిచి, గొట్టాన్ని పూర్తిగా కడగకుండా మూతల ప్లాస్టిక్ పోశారంటే, కంటికి రెండు నలుపులూ ఒకటే కనుక ఎవరూ గుర్తుపట్టలేరు. లేజర్ గుర్తుపడుతుంది: కిరణం పడిన చోటల్లా మూత పైభాగం కాలి పొగ లేస్తుంది.

పేరిన నెయ్యి

రంగు కుదిరినా వెలుగు దాటుతుందన్న భరోసా లేదు. కరిగిన నెయ్యి గుండా గిన్నె అడుగు కనిపిస్తుంది. అదే నెయ్యి పేరుకున్నాక తెల్లగా, అపారదర్శకంగా మారుతుంది. నెయ్యిలో కొత్తగా చేరిన రంగేదీ లేదు. పుట్టిన స్ఫటికాల అంచుల దగ్గర వెలుగు చెదిరిపోతోంది, అంతే. ప్లాస్టిక్‌లకూ ఇదే ధర్మం. పాలీకార్బొనేట్, ఆక్రిలిక్ అస్ఫటికాలు. వాటి రెండు ముఖాల దగ్గర కలిపి పదో వంతు వెలుగు పరావర్తనంలో పోతే, మిగతాదంతా దాదాపు దాటిపోతుంది. పాలీప్రొపిలీన్, నైలాన్, పీబీటీ పాక్షిక స్ఫటికాలు. అంటే పేరిన నెయ్యి లాంటివి. కార్లలోని ఎలక్ట్రానిక్స్‌కు తొడుగుగా ఎక్కువ వాడే పీబీటీ రెండు మిల్లీమీటర్ల మందం ఉంటే వెలుగులో 30 శాతం దాటడం కూడా కష్టం. గట్టితనం కోసం కలిపే గాజు పోగులు ఇంకా కొంత వెలుగును చెదరగొడతాయి. అందువల్ల వెల్డింగ్ జరిగే చోట మూతను పలచన చేస్తారు, లేదా వెలుగును ఎక్కువగా దాటనిచ్చేలా ప్రత్యేకంగా తయారైన పీబీటీని ఎక్కువ ధరకు కొంటారు.

ఈ కష్టం ఇంకొంచెం లోతైనది. ఒకే మూతలో అన్ని చోట్లా స్ఫటికాల పాళ్ళు ఒకటిగా ఉండవు. కరిగిన ప్లాస్టిక్ అచ్చులోకి ప్రవేశించే ద్వారం దగ్గర ఒకలా, దూరపు మూలలో మరోలా చల్లారుతుంది. త్వరగా చల్లారిన చోట స్ఫటికాలు తక్కువ, వెలుగు ఎక్కువ దాటుతుంది. నెమ్మదిగా చల్లారిన చోట తక్కువ. లేజర్ శక్తిని ఒకే స్థాయిలో ఉంచి అంచు చుట్టూ తిప్పితే, ఒక మూల మాడి, మరో మూల అతకకుండా మిగలవచ్చు. అచ్చు ఉష్ణోగ్రతను పది డిగ్రీలు మార్చి ఉత్పత్తి వేగం పెంచుకున్న మోల్డింగ్ విభాగం, ఆ సంగతి వెల్డింగ్ విభాగానికి చెప్పదు. చెప్పాలని దానికి తోచదు. కంటికి ముక్క అలాగే ఉంది కదా. ఇలాంటి గొడవల్లో లేజర్‌ను నిందించడం పరిపాటి. నిజానికి అది మోల్డింగ్‌లోని తప్పులను బయటపెట్టే సాక్షి. కాస్త జాగ్రత్త గల కర్మాగారాలు ప్రతి మూతనూ వెల్డింగుకు ముందు ఒక చిన్న పరికరంతో ఎంత వెలుగు దాటుతోందో కొలిచి, పరిమితి దాటినవాటిని పక్కన పెడతాయి. ఈ కొలత లేకుండా లేజర్ యంత్రం కొనడం తూకం లేని కొట్టు తెరవడం లాంటిది.

ఏ ప్లాస్టిక్‌తో ఏది కలుస్తుందన్నది కూడా ముందే తేలాలి. ఏబీఎస్ పాలీకార్బొనేట్‌తోనూ, ఆక్రిలిక్‌తోనూ కలుస్తుంది. పాలీప్రొపిలీన్ తన జాతితో తప్ప మరొక దానితో కలవదు. దానికి పాలీకార్బొనేట్‌ను జత చేయబోవడం నూనెను నీళ్ళతో కలపబోవడమే. పీవీసీ వేడికి హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరి విడుస్తుంది కనుక ఎలక్ట్రానిక్స్ దరిదాపులకు రానీయరు.

అదిమి పట్టడం, కొలిచి ఆపడం

వేడి మూతలోకి ఎక్కాలంటే రెండు ముక్కలూ నిజంగా తాకుతూ ఉండాలి. వాటి మధ్య ఖాళీ మిల్లీమీటరులో పదో వంతుకు చేరితే వేడి దాటదు. డబ్బా అంచు మాడుతుంది, మూత చల్లగానే ఉంటుంది. చాపలా కాస్త వంగిన మూతను సమం చేసేది పైనుంచి అదిమే బిగింపు సాధనమే. ఈ సాధనం లేజర్‌కు దారి వదులుతూనే అంచు పొడవునా సమంగా ఒత్తాలి. ఇది తయారు చేయడం వినడానికి ఉన్నంత సులువు కాదు. చాలా ప్రాజెక్టుల్లో అసలు ఇంజనీరింగ్ అంతా దీనిలోనే ఖర్చవుతుంది.

కిరణాన్ని నడిపించే తీరులు కొన్ని ఉన్నాయి. ఒకసారి మాత్రమే అంచు చుట్టూ తిప్పడం ఒకటి. అంచు మొత్తాన్నీ ఒకేసారి వెలిగించడం ఇంకొకటి. దానికి ప్రతి నమూనాకూ వేరే దీపాల వరస కట్టాలి. ఎలక్ట్రానిక్ డబ్బాలకు ఎక్కువగా నప్పేది మధ్యేమార్గం. రెండు చిన్న అద్దాలు కిరణాన్ని సెకనుకు కొన్ని మీటర్ల వేగంతో అంచు చుట్టూ పదుల సార్లు తిప్పుతాయి. ఒక చోట పుట్టిన వేడి చల్లారేలోగా కిరణం మళ్ళీ అక్కడికి వస్తుంది కనుక అంచు అంతా కలిసే మెత్తబడుతుంది. అప్పుడు బిగింపు ఒత్తిడికి మూత మెల్లగా కిందికి దిగుతుంది. ఆ దిగుడు 0.1 నుంచి 0.3 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. డబ్బా అంచులోని ఎత్తుపల్లాలన్నీ ఆ దిగుడులో సర్దుకుంటాయి. దిగుడును మైక్రాన్లలో కొలుస్తూ, నిర్ణీత లోతు రాగానే లేజర్‌ను ఆపుతారు. ఇన్ని సెకన్లు అని గడియారం చూసి ఆపడం కన్నా ఇది చాలా నమ్మదగినది. దిగవలసినంత దిగిందంటే కరగవలసినంత కరిగిందన్నమాటే.

పొంగు విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. మూత దిగితే కరిగిన ప్లాస్టిక్ ఎటో ఒకవైపు పోవాలి. దాని కోసం అతుకు పక్కన చిన్న గాడి వదలకపోతే అది లోపలికో బయటికో పెదవిలా పొడుచుకొస్తుంది. పొడి రాలనంత మాత్రాన పని శుభ్రమైపోదు. దిగుడు లేకుండా ఒక్క చుట్టుతో చేసే అతుకులో పొంగు ఉండదు గానీ, దానికి ముక్కలు చాలా ఖచ్చితంగా ఉండాలి.

పాసిర్ రిస్ గాలిలో

ఇక్కడ సింగపూరు వాతావరణం మళ్ళీ ప్రస్తావనకు వస్తుంది. నైలాన్ గాలిలోని తేమను బియ్యం పీల్చినట్టు పీలుస్తుంది. సగం తేమ ఉన్న గాలిలోనే దాని బరువులో 2–3 శాతం నీరు చేరుతుంది. 80 శాతం ఆర్ద్రతలో అది ఇంకా పెరుగుతుంది. అలాంటి ముక్కను లేజర్ కింద పెడితే అతుకులోని నీరు క్షణంలో ఆవిరై బుడగలు కడుతుంది. బుడగలున్న అతుకు బలహీనమని వేరే చెప్పాలా? అందుకే మోల్డింగ్ అయిన వెంటనే వెల్డింగ్ చేయడం, కుదరకపోతే తేమ చొరని రేకు సంచుల్లో మూసి ఉంచడం ఆచారం. పాలీకార్బొనేట్ నైలాన్‌లా పీల్చదు గానీ దానికి మరో బలహీనత ఉంది. గింజలను 120 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఆరబెట్టి తేమను 0.02 శాతానికి తేకుండా మోల్డింగ్ చేస్తే, ఆ నీరు కరిగిన ప్లాస్టిక్‌లోని అణుశృంఖలాలను తెంపుతుంది. ముక్క బాగానే కనిపిస్తుంది. అతుకు కూడా బాగానే కనిపిస్తుంది. మొదటిసారి నేల మీద పడినప్పుడు పగులుతుంది. పీబీటీది కూడా ఇదే కథ. వానాకాలం అప్పడాలు చేసిన ఇంట్లో ఎవరికైనా ఈ బాధ కొత్త కాదు. తేడా ఏమిటంటే, సింగపూరులో అప్పడాలకు ఎండాకాలం విడిగా రాదు.

మిగిలిన శుభ్రత చేతుల్లో ఉంది. మూత పైముఖం మీద వేలిముద్ర ఉంటే ఆ జిడ్డు, దానికంటిన ధూళి కిరణాన్ని మింగి అక్కడే మాడుతుంది. ఆ మచ్చ పోదు. అచ్చు నుంచి ముక్క సులువుగా ఊడాలని చల్లే సిలికోన్ ద్రవం అతుకుకు శత్రువు. చల్లగాలి గదుల్లో తేమ తగ్గి ప్లాస్టిక్ మీద స్థిరవిద్యుత్తు చేరుతుంది, అది ధూళిని పిలుస్తుంది. అయాన్లు కలిపిన గాలి ఊది దాన్ని వదిలిస్తారు. బయట తేమ ఎక్కువై ఒక బాధ, లోపల తక్కువై మరొక బాధ.

మనిషి కన్ను కూడా ఈ లెక్కలో భాగమే. ఈ లేజర్ల వెలుగు కంటికి కనిపించదు గనుక రెప్ప మూతపడదు. కంటిలోని కటకం మాత్రం దాన్ని రెటీనా మీదికే కేంద్రీకరిస్తుంది. అందువల్ల ఈ యంత్రాలు పూర్తిగా మూసిన పెట్టెల్లోనే పనిచేయాలి. తలుపు తీస్తే కిరణం ఆగాలి. అలవాటైపోయిందన్న ధీమాతో తలుపు మీటను టేపుతో అంటించేవారు ఏ దేశంలోనైనా ఉంటారు.

అతుకు పడిందని ఎలా తెలుస్తుంది? డబ్బాలోకి కాస్త గాలి నింపి పీడనం తగ్గుతోందేమో చూస్తారు. ఐపీ 67 గుర్తు కావలసిన పరికరాన్ని మీటరు లోతు నీటిలో అరగంట ఉంచి చూస్తారు. ఈ పరీక్షలు ఈ రోజు కారడం లేదని మాత్రమే చెబుతాయి. రేపటి సంగతి తెలియాలంటే కొన్ని డబ్బాలను బలి ఇవ్వక తప్పదు. అతుకును అడ్డంగా పలచని పొరగా కోసి సూక్ష్మదర్శిని కింద చూస్తే కరిగిన ప్రాంతం కటకం ఆకారంలో, రెండు ముక్కల్లోకీ విస్తరించి కనిపించాలి. విరగగొడితే అతుకు వెంట కాకుండా పక్కనున్న గోడ విరగాలి. వేడికీ చలికీ మార్చి మార్చి వందల సార్లు గురిచేశాక కూడా అలాగే విరగాలి.

రెండు ముక్కలూ పూర్తి పారదర్శకంగా ఉండాల్సిన వస్తువులకు, ముఖ్యంగా వైద్య పరికరాలకు, కాటుక పనికిరాదు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి దగ్గరున్న టీడబ్ల్యూఐ పరిశోధకులు 1990ల చివర్లో దీనికి ఒక దారి కనిపెట్టారు. పరారుణాన్ని మింగి, కంటికి దాదాపు కనిపించని ఒక రంగును అతుకు పడే చోట పలచగా పూస్తారు. క్లియర్‌వెల్డ్ అన్న పేరుతో అది మార్కెట్టులోకి వచ్చింది. ఇప్పుడు 2 మైక్రాన్ల దగ్గర వెలుగునిచ్చే థూలియం ఫైబర్ లేజర్లు వచ్చాయి. ఆ తరంగదైర్ఘ్యం దగ్గర ప్లాస్టిక్‌లోని కార్బన్–హైడ్రోజన్ బంధాలే వెలుగును కొంత మింగుతాయి కనుక ఏ రంగూ పూయనక్కరలేదు. అయితే వేడి అతుకు దగ్గర మాత్రమే పుట్టడమనే సౌలభ్యం అక్కడ తగ్గుతుంది. కిరణాన్ని సరైన లోతులో కేంద్రీకరించి దాన్ని తిరిగి సంపాదించుకోవాలి.

తెరవలేని డబ్బా

ఈ పద్ధతి సాధించే మేలులోనే దాని చిక్కు ఉంది. బాగా పడిన అతుకును విప్పడం కుదరదు, కోయాలి. ఇంజను పక్కన పదిహేనేళ్ళు ఉండాల్సిన సెన్సారును ఎవరూ విప్పబోరు, విప్పకూడదు కూడా. బ్యాటరీతో నడిచే చేతి పరికరం సంగతి వేరు. రెండేళ్ళలో బ్యాటరీ నీరసించి, మిగిలినదంతా బాగున్నా, డబ్బా తెరుచుకోదు గనుక చెత్తలోకి పోతుంది. వెల్డింగ్ ఎంత చక్కగా చేస్తే ఆ పరికరం అంత తొందరగా చెత్త అవుతుంది.

చట్టాలు దీన్ని గమనించాయి. ఐరోపా సమాఖ్య 2023లో తెచ్చిన బ్యాటరీల నియంత్రణ ప్రకారం 2027 ఫిబ్రవరి 18 నుంచి అక్కడ అమ్మే పరికరాల్లోని చిన్న బ్యాటరీలను వాడుకరి స్వయంగా తీసి మార్చుకోగలగాలి. నీటిలో వాడడానికే రూపొందించిన కొన్ని పరికరాలకు, కొన్ని వైద్య పరికరాలకు సడలింపు ఉంది. వాటిలో ఆ పని నిపుణులు చేయగలిగితే చాలు. సింగపూరులో గానీ హైదరాబాదులో గానీ రూపకల్పన జరిగినా, ఐరోపాలో అమ్మాలంటే ఈ నియమం తప్పదు.

దీనితో రూపకర్తల ముందు కొత్త లెక్క నిలిచింది. ఒకే డబ్బాను రెండు గదులుగా విడదీయడం ఒక మార్గం: సర్క్యూటు ఉన్న గదిని లేజర్‌తో శాశ్వతంగా మూసి, బ్యాటరీ గదికి రబ్బరు వలయంతో మరల మూత పెట్టడం. గదుల మధ్య గోడ గుండా రెండు తీగలు దాటాలి. ఆ తీగల చుట్టూ తేమ చొరకుండా చూడడం ఇంకో సమస్య. కనీసం అది చిన్న సమస్య. రెండు ముక్కలూ ఒకే జాతి ప్లాస్టిక్ అయితే, మధ్యలో జిగురు గానీ లోహపు మరలు గానీ లేవు కనుక, సర్క్యూటు తీశాక డబ్బాను మొత్తంగా నూరి మళ్ళీ వాడవచ్చు. తీయడానికి ముందు ఎక్కడ కోయాలో తెలియాలి. అతుకుకు రెండు మిల్లీమీటర్ల లోపలగా గోడ మీద సన్నని గాడి ఒకటి అచ్చులోనే పోసి ఉంచితే, రంపపు బ్లేడు సర్క్యూటును తాకకుండా ఆ దారినే పోతుంది.